ఓదెలు అనే పేరు గురించి నాలుగు మాటలు

(సెంటినరీ కాలనీలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు పింఛను గురించే చెబుతానని కొందరు అనుకున్నారు. పింఛను దగ్గరికి తప్పకుండా వస్తాను. కాని దారి కొంచెం చుట్టుదారి. ఈ రోజు ఒక పేరు గురించి మాట్లాడదలచాను. అది నా పేరే. ఓదెలు.

ఈ షామియానా కింద "ఓదెలన్నా" అని ఎవరైనా పిలిస్తే కనీసం నలుగురం వెనక్కి తిరుగుతాం. అదే పేరు హైదరాబాదులో ఆసుపత్రి కిటికీ దగ్గర చెబితే లోపలి అమ్మాయి రెండుసార్లు అడుగుతుంది, మూడోసారి "ఆధార్ కార్డు ఇటివ్వండి" అంటుంది. శిక్షణ కోసం కొత్తగూడెం పోయినప్పుడు అక్కడి మిత్రుడొకాయన "ఇది పేరా, ఇంటిపేరా?" అని అడిగాడు. ఆయనా బొగ్గు తవ్వినవాడే, నేనూ బొగ్గు తవ్వినవాణ్నే. అయినా నా పేరు ఆయన చెవికి కొత్త. రాష్ట్రమంతా వెతికితే అరుదైన పేరు, మా బాయి మీద మాత్రం గంపెడు మంది. ఇదేమి విచిత్రమని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

మూలం మనకు దూరమేమీ కాదు. కాజీపేట నుంచి బల్హార్షా పోయే రైలు మార్గంలో పొత్కపల్లి, కొలనూరు స్టేషన్ల మధ్య ఓదెల స్టేషన్ ఉంది. ఆ ఊళ్లో మల్లికార్జునస్వామి గుడి, మనం పిలిచేది ఓదెల మల్లన్న. 2016లో జిల్లాలు విడిపోయినా ఆ ఊరూ మన కాలనీ రెండూ పెద్దపల్లి జిల్లాలోనే ఉన్నాయి.

స్థలపురాణం పెద్దలకు తెలిసిందే, పిల్లల కోసం చెబుతాను. పూర్వం అక్కడంతా అడవి. పంకజ మహాముని అక్కడ శివలింగాన్ని పూజించేవాడట. ఆయన తర్వాత లింగం చుట్టూ పుట్ట పెరిగి మూసుకుపోయింది. చాలాకాలానికి చింతకుంట ఓదెలు అనే రైతు దున్నుతుంటే నాగలి కర్రు పుట్టకు తగిలి, లోపలి లింగానికి గాయమైందట. ఆ రైతు పేరుమీదనే ఊరికి ఓదెల అని పేరు వచ్చిందంటారు. అంటే ఒక రైతు పేరు ఊరికి, ఊరి పేరు దేవునికి, దేవుని మీది భక్తితో మళ్లీ మన బిడ్డలకు వచ్చిందన్నమాట. తిరిగి తిరిగి నాగలి పట్టినవాళ్ల ఇంటికే చేరింది. ఇది పురాణమే కావచ్చు, నాకు మాత్రం ఎంతో ఇష్టమైన పురాణం.

క్షేత్రం పేరును మనిషికి పెట్టుకోవడం మనకు కొత్త గాదు. సింహాచలం, భద్రాచలం, శ్రీశైలం, యాదగిరి, తిరుపతి, ఇవన్నీ ఊళ్లూ కొండలే గదా. ఈ పేర్లున్న మనుషులు మనలో ఎంతమంది లేరు! పరాయి దేశాల్లోనూ ఈ ఆచారం ఉంది. స్పెయిన్ దేశంలో మోంట్‌సెర్రాట్ అనే కొండమీద మరియమాత క్షేత్రం ఉంది. ఆ కొండ పేరునే అక్కడి ఆడపిల్లలకు పెట్టుకుంటారు. లోకప్రసిద్ధురాలైన ఒక గాయనికి కూడా అదే పేరు.

మల్లన్న విషయంలో ఇంకో మెలిక ఉంది. మల్లన్న ఒక్కచోట ఉన్న దేవుడు కాడు. కొమురవెల్లిలో ఉన్నాడు, ఐలోనిలో ఉన్నాడు, ఓదెలలో ఉన్నాడు. మల్లయ్య అని పేరు పెడితే ఏ మల్లన్న మొక్కు అని తెలియదు. అందుకని మనవాళ్లు దేవుని పేరు వదిలి ఊరిపేరు పట్టుకున్నారు. కొమురవెల్లికి మొక్కినవాళ్లు కొమురయ్య, కొమురమ్మ అన్నారు. ఐలోనికి మొక్కినవాళ్లు ఐలయ్య, ఐలమ్మ అన్నారు. ఓదెలకు మొక్కినవాళ్లు ఓదెలు, ఓదయ్య, ఓదెమ్మ అన్నారు. పేరు వింటే చాలు, ఆ తల్లి ఏ గుడి ముందు కొంగు పట్టిందో తెలిసిపోతుంది.

వీటిలో రెండు పేర్లు చరిత్రకెక్కాయి. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్యను, భూమి కోసం నిలబడిన చాకలి ఐలమ్మను తెలియనివారు లేరు. ఓదెలు అనే పేరు అంత దూరం పోలేదు. అయితే మన బొగ్గుబాయిల ప్రాంతం నుంచే నల్లాల ఓదెలు గారు 2009లో, 2010 ఉప ఎన్నికలో, 2014లో చెన్నూరు నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన వల్ల పేపర్లలో ఈ పేరు అచ్చయింది. 2022లో 'ఓదెల రైల్వేస్టేషన్' అనే సినిమా, 2025లో 'ఓదెల 2' వచ్చాయి. ఊరి పేరు ఊరూరా తెలిసింది. ఆ పేరున్న మనుషులు కూడా ఉంటారని మాత్రం ఇంకా చాలామందికి తెలియదు.

మా ఇంటి సంగతి చెబుతాను. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు ఏడాది దాటలేదు. మా అవ్వ ఓదెల పోయి, ఈసారి దక్కితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కింది. నేను దక్కాను. నా పుట్టువెంట్రుకలు అక్కడే తీశారు, ఒగ్గువాళ్లతో పట్నం వేయించారు. మా అవ్వకు అక్షరం రాదు. ఆమె తన చేతుల మీదుగా చేసిన ఒకే ఒక్క దస్తావేజు నా పేరు.

1976లో బదిలీ ఫిల్లరుగా బాయిలో దిగాను. తట్ట, చెమ్మాసు పట్టుకుని టబ్బులు నింపిన రోజులవి. ఈ దిక్కు బాయిలు తెరిచినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలమే ఎక్కువగా వచ్చాము. అందుకే మా షిఫ్టులో అందరి దేవుళ్లూ హాజరుండేవారు. రాజయ్యలు, కొమురయ్యలు, సమ్మయ్యలు, లింగయ్యలు. ఓదెలులు ఎక్కువైపోతే గుర్తులు పెట్టుకునేవాళ్లం. పొడుగు ఓదెలు, లాంపు ఓదెలు, బీడీల ఓదెలు. నన్ను సదువుల ఓదెలు అనేవారు, పదో తరగతి దాకా చదివాను గనుక. ఆ చదువు వల్లనే తర్వాత క్లర్కునయ్యాను.

అక్కడే అసలు కథ. మొదట బాయిలో దిగేటప్పుడు నా పేరు రాసిన గుమాస్తా పరాయి జిల్లావాడు. నేను చెప్పింది ఆయనకు వోదెలు అని వినపడింది, ఇంగ్లీషులో 'వి'తో మొదలుపెట్టాడు. నా పదో తరగతి సర్టిఫికెట్లో 'ఓ'తోనే ఉంది. ఇంగ్లీషులో ద, డ రెంటికీ అక్షరం ఒక్కటే. ఆ ఇంగ్లీషు చూసి మళ్లీ తెలుగులోకి దించినవారు నన్ను ఓటర్ల జాబితాలో 'ఓడేలు' చేశారు. మా ఆవిడ నవ్వి, "ఎన్నికల్లో నిలబడకు, పేరులోనే ఓటమి ఉంది" అన్నది.

నవ్వుకున్నాం గాని, పని పడ్డప్పుడు నవ్వు రాలేదు. 1998లో బొగ్గు గనుల పింఛను పథకం వచ్చింది. డ్యూటీ చేసే రోజుల్లో పేరు ఎట్లా రాసి ఉన్నా జీతం ఆగలేదు, మనిషి ఎదురుగా ఉన్నాడు గనుక. భర్త పోయిన తర్వాత భార్యకు రావలసిన పింఛనుకు మాత్రం కాగితమే మనిషి. నాతో పనిచేసిన ఒక ఓదెలు చనిపోయాడు. ఒక కాగితంలో 'ఓ', ఇంకో కాగితంలో 'వి', బ్యాంకు పుస్తకంలో ఉత్త ఓదయ్య. "ఈ ముగ్గురిలో నీ మొగుడెవరమ్మా?" అని ఒక ఆఫీసులో ఆమెను అడిగారట. అడిగినాయన దురుద్దేశంతో అడగలేదేమో. ఆమె మాత్రం బయటికి వచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చింది. అఫిడవిట్లు, గెజిటెడ్ సంతకాలు, ఊరి పెద్దల సాక్ష్యాలు అయ్యేసరికి పదకొండు నెలలు గడిచాయి. కాగితాలు పట్టుకుని నేనూ తిరిగాను. తిరుగుతూ ఉంటే ఒక అనుమానం నన్ను తొలిచింది. క్లర్కుగా ఉన్న రోజుల్లో నా చేతుల మీదుగా ఎన్ని పేర్లు ఇట్లా వంకరపోయాయో!

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒక తమ్ముడు కొడుకు పుట్టాడని పేరు రాయించడానికి వచ్చి, "ఓదెలు అని రాయి అన్నా, మొక్కు" అన్నాడు. నేనేమో పెద్దరికం చూపించి, "ఇప్పుడెవరు పెడుతున్నారురా ఆ పేర్లు, పిల్లవాడు బడిలో నవ్వులపాలైతడు, మంచి పేరు పెట్టు" అన్నాను. నా పేరు నాతోనే ఉండగా ఆ మాట అన్నాను. అతను కాసేపు నా ముఖం చూసి, సరేనన్నాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంజనీరు, పేరు చక్కని పేరే. అయినా ఆ చూపు నాకు గుర్తుండిపోయింది.

మా ఇంట్లోనూ అంతే. పెద్దవాడి పెళ్లి పత్రికలో తండ్రి పేరు 'ఉదయ్ కుమార్' అని వేయిద్దామని పిల్లలు అడిగారు. నేను కాదనలేదు. పత్రిక ఊళ్లో పంచితే మా మేనత్త చదివించుకుని, "ఎవరి కొడుకు లగ్గమిది?" అని తిరిగి పంపింది. నేను స్వయంగా పోయి, "నేనే అత్తా, ఓదెలును" అని చెప్పుకోవలసి వచ్చింది. ఆమె పెళ్లికి వచ్చింది గాని, మీ అవ్వ ఉంటే ఏమనేదిరా అని ఒక్క మాట అన్నది.

ఇప్పుడు పసిపిల్లల్లో ఓదెలు ఎక్కడా కనబడడు. కొమురయ్య, ఐలయ్య కూడా తగ్గిపోతున్నారు. కాలం మారింది, బిడ్డలు దేశాలు తిరుగుతున్నారు, వాళ్లకు పలికే పేర్లు వాళ్లు పెట్టుకుంటారు. దానికి నేను అడ్డం చెప్పను. మీరూ చెప్పకండి. నేను కోరేవి రెండే పనులు.

మొదటిది, ఈ వారంలోనే సర్వీసు కాగితాలు, పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం నాలుగూ ముందు పెట్టుకుని పేరు అక్షరం అక్షరం చూసుకోండి. భార్య పేరు కూడా చూడండి. తేడా ఉంటే మీరు బతికి ఉండగానే దిద్దించండి. మీరు సంతకం పెడితే అయ్యే పనికి రేపు ఆమె పదిచోట్ల సాక్ష్యం తేవలసి వస్తుంది. అక్కలారా, ఆయన బద్ధకిస్తే మీరు వదలకండి.

రెండవది, ఒక నోటుపుస్తకంలో మీ పేరు ఎందుకు పెట్టారో రాసిపెట్టండి. ఎవరు మొక్కారు, ఏ గుడిలో, అంతకుముందు ఇంట్లో ఏం జరిగింది. నాలుగు వాక్యాలు చాలు. రాయరానివారు మనవలతో రాయించండి. మనవలకు ఆ పేరు అక్కర లేకపోవచ్చు, ఆ సంగతి అక్కర ఉంటుంది.

నా పుస్తకంలో నేను రాసుకున్నాను. సర్టిఫికెట్లో ఉన్నట్టు 'ఓ'తోనే అన్ని కాగితాలూ దిద్దించుకున్నాను. దానికి రెండేళ్లు పట్టింది. చివరి కాగితం చేతికి వచ్చిన రోజు రామగుండంలో ప్యాసింజరు ఎక్కి ఓదెలలో దిగి, మల్లన్నకు చూపించి వచ్చాను.