గాజుతీగలో వెలుగు

కాలువలో మునిగి ఏటవాలుగ పైకి చూచువానికి ఆకాశము కనబడదు. నీటి పైభాగమే అద్దమై కాలువ అడుగును చూపును. నీటినుండి గాలిలోనికి బోవు వెలుగు సుమారు 49 డిగ్రీలకు మించి వాలినచో బయటపడజాలక వెనుకకే మరలును. గాజుతీగకు ఈ పరావర్తనమే ప్రాణము.

తీగ మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. నడిమి గాజునకు పైపొరకంటె వక్రీభవన గుణము కొంచెము హెచ్చు. కావున క్షణమునకు కోట్లమార్లు వెలిగి ఆరుచు వార్తను మోయు కాంతి, తీగ వంగినను లోపలనే సాగును. మరీ మడచినచో మాత్రము వెలికి కారిపోవును. గాజులోని మలినములను తొలగించినచో ఇది దూరవార్తలకు పనికివచ్చునని 1966లో చెప్పిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

విజయవాడలో కార్యాలయము గల ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ ఈ తీగను చాలవరకు విద్యుత్తు స్తంభములపైననే లాగినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ దీనిని ప్రారంభించిననాడు టెలిఫోను, టెలివిజను, ఇంటర్నెట్టు మూడును నెలకు 149 రూపాయలకే ఇయ్యగలుగుటకు ఈ పొదుపు ఒక కారణము.

అయితే 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగినవారికి స్తంభముల బలమెంతయో చెప్పనక్కరలేదు. స్తంభము కూలినచో ఇంటి దీపముతోపాటు ఈ వెలుగును ఆరును. పాతిన తీగకు గాలి భయము లేదు గాని, కాలువగట్టు త్రవ్వు యంత్రము భయము కలదు. తెగిన గాజును రాగితీగవలె మెలివేసి కలుప వీలులేదు. కొనలను కరగించి అతుకవలెను. కావున కొంత ఖర్చు హెచ్చినను, డెల్టా గ్రామమునకు తీగ రెండు దిక్కులనుండి రావలెను.