సిండరిల్లా కాదన్న రోజు



సిండరిల్లా కథ మీకు నేను చెప్పనక్కరలేదు. పిల్లలు అన్నం దగ్గర మారాం చేస్తుంటే మీరే ఎన్నోసార్లు చెప్పి వుంటారు. సవతితల్లి ఆరళ్ళు, రాజుగారింట నాట్యం, అర్ధరాత్రి పరుగు, జారిపోయిన చెప్పు. ఫ్రాన్సు రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చు వేసిన కథలో అది గాజు చెప్పు. అది కాలికి సరిపోయిందా, కథ కంచికి, మనం వంటింటికి!

మరి చెప్పుకు బదులు చేతితొడుగు మిగిలిపోయి, అది ఎవరిదో ఆ అబ్బాయికి తెలియకపోతే? అమెరికా రచయిత్రి జూలియా క్విన్ 2001లో రాసిన ‘ఏన్ ఆఫర్ ఫ్రమ్ ఎ జెంటిల్మన్’ అనే నవల అలా మొదలవుతుంది. పెద్దమనిషి ఒకడు ముందుకు తెచ్చిన ప్రతిపాదన అన్నమాట. ఆ పెద్దరికం ఏపాటిదో వినండి.

కథ 1815 నాటి లండనుది. సోఫీ ఒక ప్రభువుకి పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల. ఇంట్లో పెంచాడేగాని కూతురని నోరారా ఒక్కసారీ పిలవలేదు. ఆయన పోయాక, సోఫీకి ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా ఇంట్లో వుంచుకుంటే భార్య అరమింటాకు మూడింతల భత్యం వచ్చేట్టు విల్లు రాశాడు. అరమింటా వుంచుకుంది, జీతం లేని పనిమనిషిగా!

ఈ కథలో దేవకన్య లేదు. ఇంటి పనివాళ్ళే ఏనాటిదో వెండి రంగు గౌను వెతికి తీసి, సోఫీని ముస్తాబు చేసి ముసుగుల నాట్యానికి పంపిస్తారు. నాకు ఈ నవలలో బాగా నచ్చిన చోటు ఇదే. అక్కడ బెనెడిక్ట్ బ్రిడ్జర్టన్ ఆమెను చూసి మనసిచ్చేస్తాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ కలిసేసరికి ఆమె ఒంటిమీద పనిమనిషి బట్టలు. గుర్తుపట్టడు.

ఆ మాట చదివి నేను పుస్తకం మూసేశాను. మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి ఎనిమిదేళ్ళుగా వస్తోంది. ఒకసారి గుళ్ళో పట్టుచీర కట్టుకుని ఎదురై ‘అమ్మగారూ’ అంటే, ఎవరో అనుకుని పక్కకి తప్పుకున్నాను. ఇక బెనెడిక్ట్‌ని ఏ మొహంతో అనను?

కాని తర్వాత అతను చేసినదానికి అంటాను. ఆమె మీద మళ్ళీ మనసు పడి, ‘నాతో వుండు, ఏ లోటూ రానివ్వను’ అంటాడు. పెళ్ళి మాట మాత్రం లేదు. ఇదీ ఆ ప్రతిపాదన! సోఫీకి అతనంటే ప్రాణం, చేతిలో కానీ లేదు. అయినా కాదంటుంది. అలాంటి ఇంట పుట్టిన పిల్ల బతుకు ఎలా వుంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఇంగ్లండులో 1926లో చట్టం వచ్చేదాకా, తల్లిదండ్రులు తర్వాత పెళ్ళి చేసుకున్నా సరే, ముందు పుట్టిన బిడ్డకు ఆ మచ్చ పోయేది కాదు. తనకు పుట్టబోయే బిడ్డ కోసం ఆమె కాదంటోంది. గాజు చెప్పు కథలో ఆ పిల్లను ‘నీకిష్టమేనా?’ అని ఎవరు అడిగారు చెప్పండి?

తన తల్లి దగ్గర పనికి చేరకపోతే దొంగతనం మోపుతానని కూడా బెదిరిస్తాడు బెనెడిక్ట్. రచయిత్రి దాన్ని ప్రేమ కింద జమకట్టేసింది. నేను మాత్రం కట్టలేను.

అతని తల్లి వైలెట్ మాత్రం బంగారంలాంటి మనిషి. అరమింటా చిన్న కూతురు పోజీ కూడా అంతే. పెరో కథలో సవతి అక్కలిద్దరికీ చివర్లో క్షమాపణ దొరుకుతుంది. ఇక్కడ పోజీ దాన్ని సంపాదించుకుంటుంది. అరమింటా సోఫీని జైల్లో వేయించిన రోజున ఆ పిల్ల కన్నతల్లి ఎదుట నోరు విప్పి ఏమందో నేను చెప్పను. మీ ఇంట్లో కాలేజీ పిల్ల వుంటే ఈ పుస్తకం ఇప్పటికే చదివేసి వుంటుంది, అడిగి చూడండి.