ఉప్పు ఎడారిలో మూడు రోజులు



ఉప్పు లేనిదే కూర లేదు, చారు లేదు. చిటికెడు తక్కువైతే ఇంట్లో మాట పడాలి. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? సముద్రం నుంచి అంటాం. నౌపడలోనూ, చినగంజాంలోనూ ఉప్పు మడులున్నాయి. మడుల్లో ఉప్పునీరు పెడతారు. ఎండకు నీరు ఆరుతుంది. ఉప్పు మిగులుతుంది.

మరి సముద్రమే లేని దేశంలో, కొండల మీద, జిల్లా అంత మేర ఉప్పు పరుచుకుని ఉంటే? అలాంటి చోటు నిజంగానే ఉంది. ఆ దేశం పేరు బొలీవియా. దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. ఉప్పు మైదానం పేరు ఉయుని.

దాని వైశాల్యం 10 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇంచుమించు పాత తూర్పు గోదావరి జిల్లా అంత. ఆ జిల్లా అంతా ఊళ్లు లేవు, చెట్లు లేవు, తెల్లటి ఉప్పు తప్ప మరేమీ లేదనుకోండి. అలా ఉంటుంది. ఎత్తు సుమారు 3,650 మీటర్లు. మన్యంలోని అరమ కొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు. దానికి రెండింతలు దాటిన ఎత్తన్న మాట!

అంత ఉప్పు అక్కడికెలా వచ్చింది? పొయ్యి మీద ఉప్పునీళ్ల గిన్నె పెట్టి మరిచిపోతే ఏమవుతుంది? నీళ్లు ఇగిరిపోయి అడుగున తెల్లటి పొర మిగులుతుంది. ఉయుని అలాంటి గిన్నె. చుట్టూ కొండలు. వాన నీరు కొండరాళ్లలోని లవణాలను కరిగించుకుని లోపలికి వస్తుంది. బయటికి పోయే దారి లేదు. పూర్వం అక్కడ పెద్ద పెద్ద సరస్సులుండేవి. వేల ఏళ్ల ఎండకు అవి ఎండిపోయాయి. ఉప్పు మిగిలింది.

అక్కడి ఐమారా జాతివారు మరో కథ చెబుతారు. పక్కనున్న టునుపా కొండ ఒకప్పుడు ఆడమనిషట. మొగుడు ఆమెను వదిలేసి మరొకదానితో పోయాడు. చంటిబిడ్డకు పాలిస్తూ ఆమె ఏడ్చింది. ఆ కన్నీళ్లు, ఆ పాలు కలిసి ఉప్పు మైదానం అయ్యాయట. కథ కథే. అయినా వింటే మన ఊరి కథలాగే లేదూ?

ఈ మైదానాన్ని చూడడానికి దేశదేశాల నుంచి యువతీయువకులు వస్తారు. వీపున పెద్ద సంచి, అందులోనే బట్టలు, దుప్పటి. తక్కువ ఖర్చుతో తిరిగే మనుషులు. ఉయుని ఊళ్లో ఐదారుగురు కలిసి ఒక జీపు మాట్లాడుకుంటారు. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా మూడు రోజులు ఒకే జీపులో ప్రయాణం, ఒకే చోట తిండి. డ్రైవరే దారి చూపిస్తాడు. కొన్ని జీపుల్లో వంట చేసే స్త్రీ కూడా వెంట వస్తుంది.

తెలివైన వాళ్లు బయలుదేరే ముందే అన్నీ అడుగుతారు. తిండి ఎన్ని పూటలు? రాత్రి పడక ఎక్కడ? అదనపు చక్రం ఉందా? డ్రైవరు తాగి ఉన్నాడా? ఒప్పుకున్నదంతా కాగితం మీద రాయించుకుంటారు. నోటిమాట దారిలో మారిపోవచ్చు. కాగితం మారదు.

మొదటి రోజు ఊరి బయట పాత రైలింజన్లు కనిపిస్తాయి. తుప్పు పట్టి ఇసుకలో నిలబడి ఉంటాయి. ఒకప్పుడు గనుల్లోని ఖనిజాన్ని ఓడరేవులకు మోసిన ఇంజన్లివి.

తర్వాత కొల్చాని అనే ఊరు. ఇక్కడివారి బతుకంతా ఉప్పే. గొడ్డలితో, పారతో ఉప్పును తవ్వి చిన్న చిన్న కుప్పలు పోస్తారు. నీరు కారిపోయాక ఊళ్లోకి తెచ్చి, మంట మీద ఆరబెట్టి, మర పడతారు. అయోడిన్ కలుపుతారు. కొండ నేలల్లో అయోడిన్ తక్కువ. అది అందకపోతే మెడ దగ్గర గడ్డ వాస్తుంది. పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. చివరికి ఉప్పును సంచుల్లో పోసి, మంట సెగతో మూతి అంటిస్తారు. ఇదంతా చాలా ఇళ్లలో చేతిపనే.

ఎండ తెల్లటి ఉప్పు మీద పడి కళ్లను పొడుస్తుంది. అందుకే పనివాళ్లు ముఖమంతా గుడ్డ చుట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటారు. అక్కడ 1,000 కోట్ల టన్నుల ఉప్పు ఉందని అంచనా. ఏటా తీసేది సుమారు 25 వేల టన్నులే. ఉప్పుకు కొదవ లేదు. కానీ ఉప్పు ధర తక్కువ, శ్రమ ఎక్కువ. ఈ సంగతి మన ఉప్పు మడుల్లో పనిచేసే అక్కలకు చెప్పక్కర్లేదు.

మైదానం నడుమ ఇంకావాసి అనే రాతి గుట్ట ఉంది. దాని మీద మనిషికి నాలుగైదింతల ఎత్తు ముళ్ల జెముళ్లున్నాయి. అవి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. వానాకాలంలో, అంటే డిసెంబరు నుంచి మార్చి దాకా, ఉప్పు మీద పలుచగా నీరు నిలుస్తుంది. అప్పుడు మైదానమంతా అద్దమే. పైన ఆకాశం, కింద ఆకాశం!

రాత్రి ఉప్పు ఇటుకలతో కట్టిన ఇంట్లో పడక. ఇలాంటి హోటలు ఒకటి లోగడ మైదానం నడుమనే ఉండేది. దాని మురుగు ఉప్పును పాడుచేసింది. 2002లో దాన్ని అక్కడి నుంచి తీసేశారు.

రెండో రోజు ఎడారి. గాలి పలుచన. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. తలనొప్పి, వాంతులు కొందరికి తప్పవు. మెల్లగా నడవాలి, నీళ్లు బాగా తాగాలి. బాధ ముదిరితే కిందికి దిగిపోవాలి. అక్కడివారు కోకా ఆకు దవడన పెట్టుకుంటారు, మనవాళ్లు తమలపాకు పెట్టుకున్నట్టు. దారిలో ఎర్రటి నీళ్ల సరస్సు ఉంది. నీటిలోని సన్నని నాచు వల్ల ఆ రంగు. అందులో ఫ్లెమింగోలు మేస్తుంటాయి. మన పులికాట్ సరస్సుకు వచ్చే పక్షుల జాతే.

మూడో రోజు తెల్లవారక ముందే లేవాలి. నీళ్లు గడ్డకట్టే చలి. సుమారు 4,850 మీటర్ల ఎత్తున భూమిలోంచి ఆవిరి బుసలు కొడుతూ వస్తుంది. గుంటల్లో బురద, అంబలి ఉడికినట్టు ఉడుకుతుంది. ఆ తర్వాత చిలీ దేశపు సరిహద్దు. చాలామంది అక్కడే దిగి, సంచి భుజాన వేసుకుని, చెయ్యి ఊపి వెళ్లిపోతారు. జీపు మాత్రం ఖాళీగా వెనక్కి తిరుగుతుంది.

చూసేవారికి మూడు రోజులు. ఉండేవారికి బతుకంతా. అసలు కథ ఇక్కడుంది.

ఉయుని ఉన్న ప్రాంతం పేరు పొటోసి. 1545లో అక్కడి కొండలో వెండి బయటపడింది. స్పెయిన్ దొరలు ఆ వెండిని ఓడలకెత్తారు. గనిలో దిగినవాళ్లు గనిలోనే రాలిపోయారు. వెండి పోయింది. పేదరికం మిగిలింది.

ఇప్పుడు ఉప్పు కింద మరో సంపద ఉంది. దాని పేరు లిథియం. సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేది అదే. కరెంటు మీద నడిచే కార్లకూ అది కావాలి. ఉప్పు కిందనున్న నీటిని తోడి, మడుల్లో ఆరబెట్టి, లిథియం తీస్తారు. 2008లో బొలీవియా ప్రభుత్వం ఈ పని తానే చేస్తానంది. 2023 డిసెంబరులో పెద్ద కర్మాగారం తెరిచింది.

ఊళ్లవాళ్ల భయం నీళ్ల గురించి. ఉప్పు మైదానం చుట్టూ కీన్వా అనే చిరుధాన్యం పండిస్తారు. లామాలను మేపుతారు. లామా ఒంటె జాతిదే గానీ, మూపురం ఉండదు, ఉన్ని ఉంటుంది. వాన తక్కువైన ఆ నేలలో పంటకైనా, మందకైనా ప్రతి చుక్కా లెక్కే. కర్మాగారానికి నీళ్లు తోడితే పొలానికి ఏం మిగులుతుంది?

2019లో ఒక విదేశీ కంపెనీతో చేసుకున్న ఒప్పందంపై పొటోసి జనం రోడ్డెక్కారు. మా నేల సంపదలో మా వాటా ఎంత అని అడిగారు. ఆ ఏడాదే ఆ ఒప్పందం రద్దయింది.

ఇంకో మంచి సంగతి ఉంది. 2006లో ఆ దేశంలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పద్ధతి క్యూబా దేశానిది. దాని పేరుకు ‘అవును, నేను చేయగలను’ అని అర్థం. వీడియో పాఠాలు చూపించి చదువు చెప్పారు. స్పానిష్‌లోనే కాదు, జనం మాట్లాడుకునే ఐమారా, కెచువా భాషల్లోనూ నేర్పారు. 8 లక్షలకు పైగా జనం అక్షరాలు దిద్దారు. 2008 డిసెంబరు 20న నిరక్షరాస్యత పోయిందని దేశం ప్రకటించుకుంది. దిద్దినవాళ్లలో చాలామంది మీలాంటి ఆడవాళ్లే.

వెండి పోయిన నాడు పేదల చేతిలో కాగితం లేదు. ఇవాళ ఉంది. అందులో ఏం రాశారో చదవడం వచ్చు. అందుకే మన నీళ్లెన్ని, మన వాటా ఎంత అని అడగడమూ వచ్చింది. జవాబు ఇంకా పూర్తిగా రాలేదు. కానీ ప్రశ్న పుట్టింది. అక్షరం వల్ల మొదట కలిగే లాభం అదే.

ఈసారి ఉప్పు పొట్లం కొన్నప్పుడు దాని మీద ఉన్నది చదవండి. అయోడిన్ ఉందా? ధర ఎంత? తూకం ఎంత? ఆ ఉప్పు వెనకాల ఎవరో ఒక అక్క ఎండలో నిలబడి ఉంది. ఆమెను ఒక్క క్షణం తలుచుకోండి.

మాట్లాడుకోండి

1. మీ ఊరి నేల నుంచి, నీటి నుంచి బయటికి పోయే సంపద ఏమిటి? అందులో ఊరికి దక్కేది ఎంత?

2. మీ ఇంటి ఉప్పులో అయోడిన్ ఉందా? పొట్లం చూసి చెప్పండి.

3. నోటిమాట నమ్మి ఎప్పుడైనా మోసపోయారా? కాగితం ఉంటే ఏమయ్యేది?