విదేశగమనము – విద్యాపత్రముల ప్రామాణ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన మహాసభలలో విద్యనుగూర్చి ప్రసంగింపని సంవత్సరము లేదు. బీదవిద్యార్థులకు వేతనములొసంగిన పోషకులు ఈ సభయందే ఆసీనులై యున్నారు. అయినను ఆ విద్యకు సాక్ష్యమగు కాగితమునుగూర్చి మనము విచారించుట అరుదు. బాలుడు పట్టము పొందిన దినమున సంతోషించి, దానిని పెట్టెలోనిడి మరచెదము. దేశాంతరము పోవలసినప్పుడు ఆ పెట్టె తెరవగా కష్టములు గోచరించును. నేడు మేము విన్నవింపదలచినది ఆ విషయమే.

బందరువారికి ముద్రయొక్క విలువ క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1611లో ఆంగ్లేయ వర్తకులు ఈ రేవున దిగి గిడ్డంగి నెలకొల్పిరి. ప్రభువుల ముద్రగల ఫర్మానాలకై ఆ పరదేశీయులు ఎంతయో ప్రయాసపడిరి. నేడు వరుస మారినది. మన బిడ్డలే పరదేశమునకేగి, మన ప్రభుత్వముద్రను అచట చూపవలసినవారైరి.

ఆ ముద్రకు అపోస్టిల్ అని పేరు. 1961 అక్టోబరు 5వ తేదీని హేగు నగరమున జరిగిన ఒడంబడికవలన ఇది ఏర్పడినది. అంతకుముందు ఒక్కొక్క కాగితమును అధికారినుండి అధికారికి త్రిప్పి, తుదకు ఆ దేశపు రాయబారి కార్యాలయమున ముద్ర వేయించుకొనవలసి యుండెను. ఒడంబడికలో చేరిన దేశముల నడుమ ఒక్క అపోస్టిల్ చాలును. మన దేశమున ఇది 2005 జూలై 14వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నేడు 120కి పైగా దేశములు ఇందు చేరియున్నవి.

ఒక్కమాట స్పష్టముగ గ్రహింపవలయును. అపోస్టిల్ ధ్రువపరచునది సంతకమును, సంతకము చేసినవాని హోదాను, ముద్రను మాత్రమే. అందలి మార్కులు నిజములనిగాని, ఆ పట్టము పరదేశపు పట్టమునకు సమానమనిగాని అది చెప్పదు. సమానత్వనిర్ణయము వేరుగా జరుగును.

విధానమిట్టిది. విద్యాపత్రమును మొదట రాష్ట్రప్రభుత్వపు నియుక్తాధికారి ధ్రువపరచవలయును. పిదప కేంద్రప్రభుత్వ విదేశాంగశాఖ అపోస్టిల్ అంటించును. పూర్వము ఇందులకు ఢిల్లీయే గతి. 2019నుండి హైదరాబాదు మొదలగు నగరములయందును ఈ సదుపాయము కల్పింపబడినది. శాఖవారు తీసికొను రుసుము పత్రమొకటికి 50 రూపాయలే. పత్రములను సేకరించుటకు ప్రభుత్వము నియమించిన సంస్థల కూలి వేరు. దళారులు కోరు వేలతో దీనిని పోల్చి చూడుడు.

అన్ని దేశములకును ఒకే త్రోవ కాదు. ఎమిరేట్సు, కువైటు, కతారు దేశములు 2024 నాటికి ఒడంబడికలో చేరలేదు. అచటికి పోవువారు విదేశాంగశాఖ ధ్రువీకరణానంతరము ఆ రాయబారి కార్యాలయమునకును పోవలయును. సౌదీ అరేబియా 2022 డిసెంబరునుండి ఒడంబడికలోనిది. జర్మనీ మన చేరికకు అభ్యంతరము తెలిపినందున మన అపోస్టిల్ అచట చెల్లదు. అచట చదువగోరు మన విద్యార్థులు 2022 నవంబరునుండి ఏ.పి.యస్. అను ప్రత్యేక పరిశీలనకు లోబడవలసియున్నారు. అమెరికా విశ్వవిద్యాలయములు సామాన్యముగ అపోస్టిల్‌ను అడుగక, మన విశ్వవిద్యాలయమే ముద్రించి పంపిన మార్కుల వివరములను కోరును. కావున ఏ దేశమేమి కోరునో ముందుగ తెలిసికొననిదే ఒక్క రూపాయియు వ్యయము చేయరాదు.

ఇక మన సీమకు సంబంధించిన చిక్కులు మూడు కలవు.

మొదటిది విశ్వవిద్యాలయము. బందరులో తాత చదివిన పట్టము ఆంధ్ర విశ్వవిద్యాలయముది. తండ్రిది 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయముది. కుమారునిది 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయముది. ఊరు ఒకటే యయినను పత్రము నిజమని చెప్పవలసినవారు వేరు. 1990లో గుడివాడలో పట్టము పొందినవారు బందరునకు పోయిన ప్రయోజనము లేదు, నాగార్జుననగరమునకే పోవలయును. 2004లో ఆ విద్యాపీఠమునకు ఆచార్య నాగార్జున అని పేరు మారినందున, పాతపత్రమందలి పేరునకును నేటి పేరునకును భేదము కలదు.

రెండవది మనిషి పేరు. మన ఆచారమున ఇంటిపేరు ముందు వచ్చును. పాఠశాలయందు దానిని ఒక్క పొడియక్షరముగ వ్రాయుదురు. పాసుపోర్టునందు పూర్తిగా విప్పివ్రాయుదురు. వివాహమైన ఆడుబిడ్డకు పాసుపోర్టున అత్తింటిపేరును, పట్టమున పుట్టింటిపేరును ఉండును. పరదేశపు అధికారికి వీరిరువురు వేర్వేరు మనుష్యులుగ తోచుట వింత కాదు. పదవతరగతి పత్రమే తక్కిన అన్నింటికి మూలము గావున, అచటనే అక్షరమక్షరము సరిచూడవలయును.

మూడవది ప్రకృతి. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచిన దినమును మరచినవారు లేరు. సుమారు 10,000 మంది అసువులు బాసిరి. ఇండ్లే కొట్టుకొనిపోగా కాగితముల మాట చెప్పనేల? నాగాయలంక, కోడూరు వంటి సముద్రతీరపు గ్రామములవారు మూలపత్రములను ఒక్క పెట్టెనే నమ్మి యుంచరాదు. 2015లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన డిజీలాకరునందు లభించు పత్రములను అందు భద్రపరచుకొనవచ్చును. పోయిన పత్రములకు నకలును ప్రయాణమునకు ముందు గాక ఇప్పుడే కోరుడు. మూలపత్రమునకు లామినేషను చేయింపకుడు. దానిపై ముద్ర నిలువదు.

దివిసీమలో ఒక కుటుంబము ఎకరము పొలము తాకట్టుపెట్టి కుమారుని విదేశవిద్యకు పంపనెంచినదనుకొందము. ప్రవేశపు గడువు సమీపించినది. పేరులో ఒక అక్షరము తేడా వచ్చినది. ఆ తొందరలోనే దళారి వచ్చి, "నేను క్రొత్త పత్రము తెచ్చిపెట్టెద"నును. అసత్యపత్రముపై అంటిన ముద్ర దానిని సత్యము చేయజాలదు. కపటముతో ప్రవేశము కోరినవానికి అమెరికా ద్వారము జన్మమంతయు మూయబడవచ్చును. పొలము పోవును, పేరు పోవును. తరువాత పోవు మన బిడ్డలను సైతము అనుమానముతో చూతురు. ఒకని అపరాధము ఊరందరి పరువును హరించును.

కావున మహాజనులకు మూడు విన్నపములు. బందరు, గుడివాడ, అవనిగడ్డలయందు ఈ విషయము తెలిసిన విద్యావంతులొక్కొక్కరు నెలకొక దినము మనవారి పత్రములను ఉచితముగ పరిశీలింతురుగాక. విద్యార్థివేతనములొసంగు దాతలు నకలు పత్రములకును, ధ్రువీకరణకును అగు స్వల్పవ్యయమును గూడ చేర్చి యిత్తురుగాక. మనలోని ఉపాధ్యాయులు పదవతరగతి పరీక్షకు పేర్లు పంపు దినమున తలిదండ్రులను పిలిపించి, పేరును, పుట్టినతేదిని చదివి వినిపింతురుగాక.

ఈ మూడును పెద్ద ధనముతో సాధ్యమగు పనులు కావు; శ్రద్ధతో సాధ్యమగునవి. దాతల ధనముతో చదివిన చదువు కాగితపు లోపముచే నిష్ఫలము కారాదు.