ఖల్లివల్లి అయినోడు నేరస్థుడెట్లా అయితడు?

(గల్ఫ్ కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సౌదీ అరేబియా హోంశాఖ వారం వారం ఒక లెక్క విడుదల చేస్తున్నది. దేశమంతా తనిఖీలు చేసి ఇన్ని వేలమందిని పట్టుకున్నామని. కొన్ని వారాల్లో అది ఇరవై వేలు కూడా దాటింది. విన్నోళ్లకు ఏమనిపిస్తది? పరదేశపోళ్లు వచ్చి దేశాన్ని దోచుకుంటున్నరనిపిస్తది. కానీ ఆ లెక్క విప్పి చూడండి. అందులో దొంగతనాల పద్దు లేదు, హత్యల పద్దు లేదు. నివాస చట్టం, కార్మిక చట్టం, సరిహద్దు చట్టం, ఈ మూడే. అకామా గడువు తీరినోడు, కఫీల్ దగ్గర కాక ఇంకోచోట పనిచేసినోడు, కాగితం లేకుండా సరిహద్దు దాటినోడు.

ఖల్లివల్లి అంటే ఏందో ఈ సభలో మేం చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు కఫీల్ గుంజుకుంటడు. ఆరు నెలలు జీతం ఇయ్యడు. మనోడు కడుపు కాలి బయటపడతడు. వెంటనే కఫీల్ ‘హురూబ్’ రాయిస్తడు, అంటే పారిపోయిండని. దాంతో మనోడి అకామా చెల్లకుండా పోతది, దొరికితే జైలు, ఆ తర్వాత దేశబహిష్కరణ. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు, పోగొట్టుకున్నవాడు ముద్దాయి! 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం ఈ పద్ధతిని కొంత సడలించింది. అయితే ఇంటిపనివాళ్లను, సొంత డ్రైవర్లను, గొర్రెల కాపరులను, తోటపనివాళ్లను అప్పుడు ఆ మార్పుల బయటే ఉంచింది. మన వాడల నుంచి పోయిన ఎందరో ఆ పనుల్లోకే పోయారు.

ఇంకో సంగతి. 2013లో సౌదీ, 2018లోనూ 2024లోనూ యూఏఈ, కువైట్ క్షమాభిక్ష ప్రకటించాయి. జరిమానా లేకుండా వెళ్లిపొమ్మన్నాయి. హత్యకు, దోపిడీకి ఎవరైనా ఇట్లా గడువు పెట్టి క్షమాభిక్ష ఇస్తారా? అది అసలు నేరం కాదని రాసుకున్నవాళ్లకూ తెలుసు.

ఇది మనకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తగిలించారు. స్టూవర్టుపురం ఎరుకలవాళ్లు హాజరు వేయించుకోకుండా ఊరు దాటితే అదే నేరం. 1952లో చట్టం పోయింది గానీ పోలీసు స్టేషన్ల కళ్లల్లోంచి ఆ ముద్ర పోయిందా?

మనోళ్లు తప్పులే చేయరని మేం అనడం లేదు. క్యాంపుల్లో సారా కాసినోళ్లున్నారు, కొట్లాటల్లో ప్రాణం తీసినోళ్లున్నారు. పార్లమెంటులో 2025లో చెప్పిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో ఉన్న భారతీయులు 10,152 మంది. సౌదీలో 2,633, యూఏఈలో 2,518. అంటే సగానికి పైగా ఈ రెండు దేశాల్లోనే. కానీ పోల్చేటప్పుడు న్యాయంగా పోల్చాలి. 2022 జనగణన ప్రకారం సౌదీలో నూటికి 41 మందికి పైగా పరదేశీయులే. అందులో ఎక్కువమంది పనిచేసే వయసు మగవాళ్లు. ముసలోళ్లు, పిల్లలు ఉన్న జనంతో వీళ్లను పోల్చి ‘పరదేశీయుల నేరాలు ఎక్కువ’ అంటే అది లెక్క కాదు, నింద.

తెలియక ఇరుక్కునేవాళ్ల బాధ వేరే. గసగసాలు మనింట్లో మసాలా. యూఏఈలో, సౌదీలో, ఖతార్‌లో అవి మత్తుమందు కింద లెక్క. ట్రమడాల్ నొప్పి గోళీ కూడా అంతే. కొడుకు సంచిలో తల్లి ప్రేమతో కట్టిన పొట్లం జైలుకు పంపుతుంది. ఈ మాట ఏ ఏజెంటూ చెప్పడు. వాడికి కమీషన్ ముట్టింది కదా.

సిరిసిల్ల వైపు నుంచి పోయిన ఐదుగురి కేసు మీకు తెలుసు. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసు. చనిపోయినవాడూ పొట్టకూటికి వచ్చినవాడే, వాళ్ల ఇంటి ఏడుపూ మన ఏడుపు లాంటిదే. 2011లో ఆ కుటుంబానికి 15 లక్షలు ముట్టజెప్పి క్షమాపత్రం తెచ్చినా, వాళ్లలో కొందరు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో. దాదాపు 18 ఏళ్లు. డబ్బున్నోడికైతే ఇంతకాలం పట్టేదా?

ఒక మాట నిష్ఠూరంగా అనుకోవద్దు. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు ఉంటున్నారు. వాళ్లను చూసి ‘వీళ్లంతా నేరగాళ్లు’ అని మనలోనూ కొందరంటున్నారు. దుబాయ్‌లో మన పిల్లగాణ్ణి అట్లనే అంటారు. కాగితం లేనితనాన్ని నేరమనే తూకం అక్కడ తప్పైతే ఇక్కడా తప్పే.

ఇక మనం అడగాల్సినవి. మొదటి వాంగ్మూలం నాడే తెలుగు దుబాసీని, వకీలును మన ఎంబసీ పెట్టాలి. ఖైదీల మార్పిడికి సౌదీతో 2010లో, యూఏఈతో 2011లో ఒప్పందాలు కుదిరాయి. వాటి కింద మన జిల్లాలకు ఎంతమంది వచ్చారో, వాళ్లు ఏ కులాలవాళ్లో ప్రభుత్వం పేరు పేరునా లెక్క చెప్పాలి. మీ ఇంటి మనిషి జైల్లో ఉంటే పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, ఏజెంటుకు కట్టిన డబ్బు రశీదు పట్టుకొని సభ కాంగనే వేదిక పక్కకు రండి. రశీదు లేకున్నా రండి, ఎవరి ముందు ఇచ్చిన్రో రాసుకుందాం.