విడిచిపెట్టడం వేరు, అప్పగించడం వేరు



ఈనాడు మీతో కొంచెం కష్టమైన విషయం ఒకటి మాట్లాడదలిచాను. మీలో చాలామంది ఇళ్లలో ఒక కుక్కో, పిల్లో, కుందేలో, పంజరంలో ఒక చిలుకో ఉండే ఉంటుంది. దాన్ని తెచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగే. పేరు పెట్టేవారు ఒకరు, పాలు పోసేవారు ఒకరు. కాని ఒక్కొక్కప్పుడు దాన్ని ఇక ఉంచుకోలేని రోజు కూడా వస్తుంది. ఆ రోజున ఏం చేయాలో మనలో ఎక్కువమందికి ఎవరూ చెప్పరు. అందుకే ఈ మాటలు.

అటువంటి రోజు ఎలా వస్తుంది? నాన్నగారికి ఫ్రాన్సులోనో, కెనడాలోనో ఉద్యోగం దొరుకుతుంది. పెరడు ఉన్న పాత ఇల్లు వదిలి అపార్టుమెంటులోకి మారవలసి వస్తుంది. తమ్ముడికి పిల్లి బొచ్చు పడక ఉబ్బసం ఎక్కువవుతుంది. కుక్కకు రోజూ అన్నం కలిపి పెట్టే తాతగారు కాలం చేస్తారు. వీటిలో ఎవరి తప్పూ లేదు. తప్పు జరిగితే ఆ తరువాతనే జరుగుతుంది.

మన మారిషస్‌లో ఊరి బయట రోడ్ల మీద, సముద్రపు ఒడ్డున దిక్కులేని కుక్కలను మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్ని ఒకప్పుడు ఇళ్లలో పెరిగినవే. చీకటి పడ్డాక కారులో తీసుకొని వెళ్లి, చెరకు తోటల పక్కన దింపి వచ్చేవారు ఉన్నారు. "ఎలాగో బ్రతుకుతుందిలే" అని తమ మనసుకు తాము చెప్పుకుంటారు. కాని గిన్నెలో అన్నం తిని పెరిగిన కుక్కకు వేట రాదు. రోడ్డు దాటడం తెలియదు. తన యజమాని తిరిగి వస్తాడని అది దింపినచోటే కాచుకొని ఉంటుంది. దాన్ని చూసి మనం "వీధికుక్క" అంటాం. అది వీధిలో పుట్టలేదు పిల్లలారా, వీధిపాలయింది.

మన పెద్దలు చెప్పుకొనే కథలలో ఇందుకు ఒక మంచి దారి ఉంది. కాళిదాసు రాసిన ‘అభిజ్ఞాన శాకుంతలం’ నాటకం పేరు మీరు వినే ఉంటారు. అందులో నాలుగవ అంకంలో శకుంతల కణ్వమహర్షి ఆశ్రమం విడిచి భర్త దగ్గరకు బయలుదేరుతుంది. ఆమె పెంచుకున్న జింకపిల్ల వెనకనుంచి వచ్చి చీర పట్టి లాగుతుంది. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న పిల్ల అది. దర్భలు గుచ్చుకొని దాని నోటికి గాయమైతే నూనె రాసి మాన్పిన చేతులు శకుంతలవి. ఇప్పుడు ఆమె దాన్ని వెంట తీసుకొని వెళ్లలేదు. అయితే అడవిలోకి తరమలేదు. ఇక నుంచి తండ్రి నిన్ను చూసుకుంటాడని చెప్పి, ఆయనకు అప్పగించి వెళ్లింది. తాను పెంచిన తీగను చెలికత్తెలకు అప్పగించింది. నిండుచూలుతో ఉన్న మరొక లేడి సుఖంగా ఈనితే తనకు కబురు పంపమని తండ్రిని కోరింది.

ఈ కథలో మూడు పనులు గమనించండి. బయలుదేరడానికి ముందే అందుకొనే చేయి ఉంది. అందుకొన్నవారికి ఆ ప్రాణి సంగతులన్నీ తెలుసు. వెళ్లిన తరువాత కూడా క్షేమం తెలుసుకోవాలనే కోరిక ఉంది. విడిచిపెట్టడానికీ, అప్పగించడానికీ తేడా ఈ మూడింటిలోనే ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, అందుకొనే చేయి.

దీనికి వ్యవధి కావాలి. విమానం ఎక్కే వారంలో వెదికితే మంచి ఇల్లు దొరకదు. రెండు నెలల ముందే మొదలు పెట్టాలని మీ అమ్మానాన్నలకు గుర్తు చేయండి. ముందుగా ఆ జంతువుకు అలవాటైనవారిని అడగాలి. రోజూ దాన్ని పలకరించే పొరుగువారు, సెలవులలో మీ ఇంటికి వచ్చే మేనమామ, పినతల్లి ఎవరైనా కావచ్చు. వారికి వీలుకాకపోతే, పశువైద్యుని దగ్గర చెప్పి ఉంచాలి. ఏ ఇంట్లో ముసలి కుక్క పోయి బెంగ పెట్టుకున్నారో ఆయనకు తెలుస్తుంది.

ఎవరో గేటు దగ్గరకు వచ్చి అడిగారు కదా అని గొలుసు చేతికి ఇచ్చివేయకూడదు. పెద్దవారితో కలిసి ఆ ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. గోడ, గేటు సరిగా ఉన్నాయా? ఎండవేళ నీడ ఉందా? పగలంతా కట్టివేసి ఉంచుతారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా, లేక ఒక్కరికేనా? ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. ఆడపిల్లను ఇచ్చే ఇంటిని గురించి మన పెద్దలు ఎన్ని అడుగుతారో మీకు తెలుసు కదా!

ఎంత వెదికినా ఎవరూ దొరకకపోతే జంతు సంక్షేమ సంస్థల సహాయం కోరాలి. మన దేశంలో 2013లో జంతు సంక్షేమ చట్టం వచ్చింది. దాని కింద ‘మారిషస్ సొసైటీ ఫర్ ఏనిమల్ వెల్ఫేర్’ ఏర్పడింది. పెంచిన జంతువును దిక్కులేకుండా వదిలివేయడం ఆ చట్టం ప్రకారం నేరం. అయితే ఏ ఆశ్రయంలోనైనా చోటు కొంతే ఉంటుంది. ఎవరూ తీసుకొని వెళ్లని జంతువుల ప్రాణం అక్కడ తీయవలసి రావచ్చు. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కాని మీకు తెలియాలి. అందుకే అది మొదటి దారి కారాదు, చివరి దారి కావాలి.

రెండవది, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం.

మంచి ఇల్లు తప్పిపోతుందేమోనన్న భయంతో కొందరు జంతువు లోపాలను దాచిపెడతారు. అది దానికే కీడు. మన ఊళ్లలో డిసెంబరు 31 రాత్రి టపాకాయలు ఎంతగా మోగుతాయో మీకు తెలుసు. ఆ చప్పుడుకు భయపడే కుక్క అని ముందే చెబితే, కొత్తవారు ఆ రాత్రి దాన్ని లోపలి గదిలో ఉంచుతారు. చెప్పకపోతే, అది గోడ దూకి పారిపోతుంది, కొత్త ఊరిలో దారి తప్పుతుంది. కోళ్లను తరుముతుందా, చిన్నపిల్లలను చూస్తే మొరుగుతుందా, గొలుసు తెంపుతుందా, అన్నీ చెప్పాలి. విన్న తరువాత కూడా కావాలన్నవారే దానికి తగినవారు.

ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి ఇవ్వండి: వయస్సు, తినే తిండి, తినే వేళలు, వేసిన టీకాలు, వచ్చిన జబ్బులు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందా లేదా. టీకాల కార్డు దానికి జత చేయండి.

మరొక సంగతి కూడా రాయాలి. అది మా తరగతిలోని ఒక బాలిక నాకు నేర్పింది. వారి ఇంట్లో చుక్క అనే కుక్క ఉండేది. దాన్ని పెంచినది నాయనమ్మ. ఆమె దానితో తెలుగులోనే మాట్లాడేది. ఆమె పోయాక ఆ కుటుంబం మూడవ అంతస్తులోని ఇంటికి మారవలసి వచ్చింది. ఫ్లాక్ వైపు ఒక ముసలి దంపతులు చుక్కను తీసుకోవడానికి ఒప్పుకున్నారు. వారికి క్రియోల్ తప్ప వేరే భాష రాదు. "విని" అని ఎంత పిలిచినా చుక్క కదలలేదు. అప్పుడా బాలిక ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి ఇచ్చింది: దా, కూర్చో, వద్దు, పడుకో. ఒక్కొక్క మాట పక్కన దాని అర్థం క్రియోల్‌లో రాసింది. ముసలాయన ఆ నాలుగు మాటలూ వల్లె వేశాడు. ఆయన మొదటిసారి "దా" అన్నప్పుడు చుక్క చెవులు నిక్కబొడుచుకొని ఆయన వైపు నడిచిందట. నాయనమ్మ మాటలు ఆ ఇంట్లో ఇంకా వినిపిస్తున్నాయని ఆ బాలిక తరగతిలో చెప్పింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మూడవది, తరువాతి క్షేమం.

కుక్కలు, పిల్లులు వాసనతో లోకాన్ని గుర్తుపడతాయి. కనుక అది పడుకొనే పాత గుడ్డను ఉతకకుండా దానితోనే పంపండి. కుక్కను మొదటి రోజుల్లో గేటు దాటనివ్వకూడదు. పిల్లిని రెండు మూడు వారాలపాటు ఇంటి లోపలే ఉంచాలి. లేకపోతే పాత ఇల్లు వెదుక్కుంటూ బయలుదేరుతుంది. మొదటి వారంలో మీరు వెళ్లి చూడకండి. మీరు తిరిగి వచ్చేటప్పుడు దానికి రెండవసారి ఎడబాటు కలుగుతుంది. ఫోనులో అడగండి, ఒక ఫోటో పంపమనండి. నెల గడిచాక వెళ్లి చూడండి. అక్కడ సరిపడకపోతే తిరిగి తీసుకొని మరొక ఇల్లు వెదుకుతామని మీ పెద్దలచేత మాట ఇప్పించండి.

"సార్, కుందేలును, చిలుకను అడవిలో వదిలితే స్వేచ్ఛగా ఉంటాయి కదా?" అని మీలో కొందరు అడుగుతారు. మన దీవి చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. ఉత్తరాన రౌండ్ ఐలండ్‌లో 19వ శతాబ్దంలో మనుషులు మేకలను, కుందేళ్లను వదిలారు. అవి మొలకలన్నీ తినివేశాయి. పచ్చదనం పోయి, మట్టి కొట్టుకుపోయింది. మేకలను 1979 నాటికి, కుందేళ్లను 1986లో అక్కడి నుంచి పూర్తిగా తొలగించాకనే మొక్కలు మళ్లీ లేవసాగాయి. భారతదేశపు రామచిలుక కూడా ఇక్కడికి పంజరాల పక్షిగానే వచ్చింది. బయటపడిన చిలుకలు పెరిగిపోయి, ఈ దీవికే చెందిన మారిషస్ చిలుకతో చెట్టుతొర్రల కోసం పోటీ పడసాగాయి. అడవులు నరికివేయడంతో మన చిలుక అప్పటికే కష్టంలో ఉంది. 1980లలో అవి ఇంచుమించు డజను మాత్రమే మిగిలాయి. ఎందరో శ్రమించి కాపాడినందువల్ల నేడు కొన్ని వందలు ఉన్నాయి. చూశారా, ఒక పంజరం తలుపు తెరిచినా ఆలోచించి తెరవాలి.

పిల్లలారా, ఒక జంతువు చేతులు మారడం అవమానం కాదు. 1766లో మారియన్ డు ఫ్రెస్నే అనే ఫ్రెంచి నావికుడు సీషెల్స్ నుంచి ఒక పెద్ద తాబేలును మన దీవికి తెచ్చాడు. అది పోర్ట్ లూయీలోని సైనికుల దగ్గర ఉండేది. 1810లో దీవి ఫ్రెంచివారి నుంచి ఆంగ్లేయుల వశమైంది. జెండా మారింది, సైనికులు మారారు, తాబేలును మాత్రం కొత్తవారు చూసుకున్నారు. అది 1918 వరకు బ్రతికింది. అంటే ఇక్కడికి వచ్చాక 152 సంవత్సరాలు! యుద్ధం చేసుకున్నవారి మధ్య కూడా ఒక మూగజీవి ఒక చేతి నుంచి మరొక చేతికి చేరగలిగింది.

చివరిగా ఒక మాట. కుక్క సాధారణంగా పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకోవాలని మీకు అనిపించినప్పుడు, అన్నేళ్లకు మీ వయస్సు ఎంత ఉంటుందో లెక్క వేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేయకండి. ఆడకుక్క సుమారు 63 రోజులు మోసి నాలుగైదు పిల్లలను కంటుంది. అన్నింటికీ ఇళ్లు దొరకవు. సమయానికి ఆపరేషన్ చేయిస్తే ఆ వెదుకులాటే ఉండదు.

మీరు చిన్నవారు. ఇల్లు మారాలా, దేశం మారాలా అన్నది మీ చేతిలో లేదు. కాని పెద్దలు ఆ మాట అనుకుంటున్నప్పుడు, "మరి దీన్ని ఎవరికి అప్పగిద్దాం?" అని అడగడం మీ చేతిలో ఉంది. సామాను సర్దడానికి ముందే అడగండి. జవాబు వచ్చేవరకు అడుగుతూనే ఉండండి.

సెలవు.