సిగ్గు మాటునఁ బెరుగు రోగము

(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియుఁ బెద్దలు ప్రసంగించిరి. నే నెత్తుకొనిన విషయము సభలలో వినఁబడునది కాదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో నింటిల్లిపాదికిఁ జూపుదుము. పురుషాంగముపైఁ బుండు లేచినచో భార్యకైనఁ జెప్పము. ఈ మౌనమునకుఁ గొందఱు ప్రాణమునే మూల్యముగా నిచ్చుచున్నారు.

మన ప్రాచీన వైద్యులు దీనికి సిగ్గుపడలేదు. ముందోలు బిగిసి వెనుకకు రాకుండుటను సుశ్రుతాచార్యుఁడు నిరుద్ధప్రకశ మనియు, వెనుకకుఁ బోయినది మరల ముందునకు రాకుండుటను పరివర్తిక యనియుఁ బేర్కొని చికిత్సలు చెప్పెను. నేయి పూసిన గొట్టమును జొనిపి, క్రమముగా లావు గొట్టములను వాడి, ద్వారమును సడలింపు మనెను.

ఈ యవయవమునకు వచ్చు రాచపుండు, అనఁగా కాన్సరు, అరుదైనదే. అయినను పాశ్చాత్యదేశములకంటె మనదేశమున నెక్కువ. బిగిసిన ముందోలు దీనికొక ముఖ్యహేతువు. లోపల కడుగుకొనుటకు వీలులేక మకిలి చేరి, వాపు ఏండ్లతరబడి నిలుచును. హెచ్.పి.వి. యను వైరసు రెండవది. స్త్రీల గర్భాశయముఖమునఁ గాన్సరు పుట్టించునదియు నిదియే. మూఁడవది పొగాకు.

సున్నతి చేయించుకొనవలెనా యని కొంద ఱడుగుదురు. శైశవముననే సున్నతి జరుగు యూదులలో నీ రోగము మిక్కిలి యరుదు. కాని తోలు సులభముగా వెనుకకు వచ్చి, ప్రతిదినము శుభ్రపడుచున్నచో నందులకై తొందరపడఁ బనిలేదు. బిగిసిన తోలు పెక్కుసార్లు పూఁతమందుతోనే సడలును. సడలనిచోఁ జిన్న శస్త్రచికిత్స చాలును.

పసిపిల్లలకు ముందోలు అంటియుండుట సహజము. దానిని బలిమిని లాగరాదు. వయస్సుతోఁ దానే వదలును. ఈడువచ్చిన కుమారునకు, స్నానవేళ తోలును వెనుకకుఁ దీసి నీటితోఁ గడుగుకొని మరల ముందునకుఁ ద్రోయవలెనని తండ్రి చెప్పవలెను. నడివయస్సునఁ దోలు క్రొత్తగాఁ బగిలి బిగిసినచో మధుమేహ మున్నదేమో పరీక్షింపించుకొనవలెను.

మానని పుండు, గడ్డ, ఎఱ్ఱని మచ్చ, దుర్వాసనగల రసి, తోలు క్రిందనుండి రక్తము: వీనిలో నేదైనను మూఁడు వారములు నిలిచినచో వైద్యునికిఁ జూపవలెను. సుఖరోగమని తలఁచి లేపనములతోఁ గాలము పుచ్చరాదు. చిన్న ముక్క తీసి పరీక్షించిన నిజము తెలియును. తొలిదశలో నవయవమును నిలుపుకొనియే రోగమును మాన్పుకొనవచ్చును. గజ్జలలోని గ్రంథులకుఁ బ్రాఁకిన పిమ్మట చికిత్స కఠినము, ఫలము సందిగ్ధము. ఈ రోగము దుర్వర్తనకు సాక్ష్యము కాదు. రోగిని నిందించువాఁ డతనిని వైద్యునికి దూరము చేయుచున్నాఁడు.

పోషకులకు నా విన్నపమొక్కటి. రాఁబోవు మహాసభనాఁ డొక గదిలో వైద్యుని గూర్చుండఁబెట్టుఁడు. తలుపు మూసియుండనిండు, వచ్చినవాని పేరు వ్రాయకుఁడు. సన్మానమునకుఁ దెచ్చు పూలదండల వ్యయములోఁ గొంత దానికి చాలును.